డ్రిప్పు పైపూ, రేషను పుస్తకమూ

మా నాన్న టమాటా చేనుకు డ్రిప్పు వేయించిన ఏడాది నాకు బాగా గుర్తు. మాది పలమనేరు పక్క పల్లె. మా బోరు నీళ్ళు ఉప్పన. వారం తిరక్కుండానే డ్రిప్పర్లు పూడిపోయేవి. బడి నుంచి రాగానే నా పని అదే: సాలు వెంట గొంతుక్కూర్చుని జరుగుతూ, చుక్క పడని చోటల్లా డ్రిప్పరు పీకి, గుండుసూదితో తెల్లటి గార గీకి, నోటితో గట్టిగా ఊది మళ్ళీ బిగించడం. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా పెదాలు ఉప్పగానే ఉండేవి.

అవి 1990ల ఆఖరు రోజులు. పక్కనే కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం మొదలైంది. మా ఊళ్ళో నలుగురైదుగురు జీపు మాట్లాడుకుని వెళ్ళి చూసొచ్చారు. ఆ రాత్రి మా అరుగు మీద అందరిదీ ఒకటే మాట: "ఇసకలో బంగారం పండిస్తా ఉండారంట నాయనా. మనకి మన్నుండీ చేతకాలేదు."

అప్పటి నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. రైతు సదస్సుల్లో విన్నాను, పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను, ఇప్పుడు ఫోన్లో పొద్దున్నే వచ్చే సందేశాల్లో చదువుతున్నాను. చుట్టూ శత్రువులు, చుక్క నీరు లేదు, అయినా తెలివితో, పట్టుదలతో ఎడారిని నందనవనం చేశారు, మనమెందుకు చేయలేం? ఇదీ వరస. ఈ కథ పూర్తిగా అబద్ధమని నేననను. ఇందులో మనుషుల్లేరు, అదీ నా బాధ. ఆ రాజ్యం పుట్టిన తొలి ఇరవై ఏళ్ళలో ఎవరు ఏం తిన్నారు, ఎవరు ఏ డేరాలో పడుకున్నారు, ఎవరి ఇల్లు ఎవరికి వెళ్ళింది, ఎవరి చేతికి ఏ కాగితం ఇచ్చారు అన్నది చూడకుండా పైపు ఒక్కటీ పట్టుకొచ్చి "నేర్చుకోండి" అంటే, మనం నేర్చుకునేది ఏమీ ఉండదు.

ముందు ఆ పైపు సంగతే చూద్దాం. డ్రిప్పును వ్యాపారంగా నిలబెట్టింది నెగెవ్ ఎడారిలోని హత్జెరీమ్ అనే కిబ్బుత్జ్. అంటే ఉమ్మడి సేద్యం చేసుకునే ఊరు. అక్కడ ఎవరి పొలం వారిది కాదు, ఎవరి జీతం వారిది కాదు. 1965లో వాళ్ళు సిమ్హా బ్లాస్ అనే నీళ్ళ ఇంజనీరుతో కలిసి నెటాఫిమ్ మొదలుపెట్టారు. ఆ బ్లాస్ అంతకుముందు దేశానికి నీటి పథకాలు గీసిన మనిషి. ఉత్తరాన గలిలీ సరస్సు నుంచి దక్షిణానికి నీళ్ళు తోడే జాతీయ కాలువ 1964లో పూర్తయింది. పెద్ద గొట్టాలు, సొరంగాలు, కాలువలు అన్నీ కలిపి దాదాపు 130 కిలోమీటర్లు. అందరూ దీన్ని ఇంజనీరింగ్ ఘనతగా చెబుతారు. నాకు మాత్రం దానికి ముందు వచ్చిన చట్టాలే అసలు ఘనత అనిపిస్తాయి. 1955లో బోరు వేయాలంటే అనుమతి తప్పనిసరి చేశారు. వాడే ప్రతి నీటిబొట్టుకూ మీటరు పెట్టారు. 1959లో ఇంకో చట్టం తెచ్చారు: దేశంలో నీళ్ళన్నీ ప్రజల సొత్తు, నీ పొలం కింద ఉన్న నీళ్ళు కూడా నీవి కావు.

ఈ ముక్క మా అరుగు మీద ఎవరూ చెప్పలేదు. మా బోరు ఎండిపోతే పక్క చేనాయన ఇంకో రెండొందల అడుగులు దించేవాడు. ఆయనది ఎండితే అవతలాయన దించేవాడు. మా నాన్న మూడు బోర్లు వేసి మూడింటికీ అప్పు కట్టాడు. పైపులు ఇజ్రాయెల్ నుంచి వచ్చాయి. నీళ్ళు ఎవరివన్న ప్రశ్న మాత్రం ఎవరూ తీసుకురాలేదు. తొలి ఇజ్రాయెల్ గట్టి చెయ్యి ఉన్న రాజ్యం. నీళ్ళూ, తిండీ, ఉద్యోగమూ, ఇల్లూ అన్నీ ఆ చేతిలోంచే రావాలి. హిస్టాద్రుత్ అనే కార్మిక సమాఖ్య ఉండేది. యూనియనూ అదే, ఆసుపత్రులు నడిపేదీ అదే, ఇళ్ళు కట్టే కంపెనీ దానిదే, బ్యాంకూ దానిదే. ఆ గట్టి చెయ్యి ఎంతోమంది కడుపు నింపింది. మనుషుల్ని వరసల్లో నిలబెట్టి విడదీసిందీ ఆ చెయ్యే. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కానీ దీన్ని దగ్గరగా చూపించకపోతే మాటగానే మిగిలిపోతుంది.

1948 మే 14, శుక్రవారం. సాయంత్రం సబ్బాతు, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం, మొదలయ్యేలోపు ముగించాలని టెల్ అవీవ్ మ్యూజియం హాల్లో నాలుగు గంటలకు, తొలి ప్రధాని కాబోయే బెన్ గురియన్ ఇజ్రాయెల్ రాజ్యం పుట్టిందన్న ప్రకటన చదివాడు. అరగంటలో సభ అయిపోయింది. మర్నాటికి అరబ్ దేశాల సైన్యాలతో యుద్ధం. ఆ యుద్ధాల కథ అందరూ చెబుతారు, నేను వదిలేస్తున్నాను. ఆ రోజుకు అక్కడున్న యూదులు దాదాపు ఆరున్నర లక్షలు. 1951 ఆఖరుకల్లా వచ్చి చేరినవాళ్ళు ఇంచుమించు 7 లక్షలు. ఇంట్లో ఉన్నవాళ్ళకంటే ఎక్కువమంది చుట్టాలు మూడున్నరేళ్ళలో గుమ్మంలో దిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాళ్ళలో నాజీల శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్ళున్నారు. యెమెన్ నుంచి జీవితంలో మొదటిసారి విమానం ఎక్కినవాళ్ళు దాదాపు 49 వేలమంది. ఇరాక్ నుంచి లక్షా ఇరవై వేలకు పైగా.

ఆ ఇరాక్ వాళ్ళలో ఒకావిడ గురించి నాకు తెలుసు. పాలకొల్లు వైపు కోడలిగా వెళ్ళిన మా పెద్దమ్మ కూతురు, భర్త చేసిన రొయ్యల చెరువు అప్పు తీర్చడానికి ఇజ్రాయెల్‌కు కేర్‌గివర్‌గా వెళ్ళింది. అక్క చూసుకున్న ముసలావిడ బాగ్దాద్‌లో పుట్టింది. అక్క ఆమెను 'సావ్తా' అని పిలిచేది, హీబ్రూలో అవ్వ అని. సావ్తా మంచం పక్క సొరుగులో ఎప్పుడూ నాలుగు రొట్టె ముక్కలు గుడ్డలో చుట్టి ఉండేవట. అక్క తీసేస్తే మళ్ళీ పెట్టుకునేదట. "ఎనభై ఏళ్ళ మనిషి, బ్యాంకులో డబ్బుంది, ఫ్రిజ్జు నిండా తిండి ఉంది, అయినా ఆ ముక్కలుంటేనే నిద్రపోతుందే" అని అక్క ఫోన్లో చెప్పింది. అప్పటి నుంచే నేను ఈ తొలి దశాబ్దాల గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను.

1950 మార్చిలో ఇరాక్ ఒక చట్టం చేసింది: వెళ్ళే యూదులు వెళ్ళొచ్చు, కానీ పౌరసత్వం వదులుకోవాలి. ఏడాది తిరిగేసరికి, అలా పేరు రాయించుకున్నవాళ్ళ ఆస్తులు స్తంభింపజేసింది. పెద్దవాళ్ళు తలకు 50 దినార్లు మాత్రం పట్టుకెళ్ళొచ్చు. సావ్తా వాళ్ళ నాన్న బాగ్దాద్ బజారులో బట్టల వ్యాపారి. 1951లో తొమ్మిదేళ్ళ సావ్తా, తల్లిదండ్రులతో, ముగ్గురు తమ్ముళ్ళతో విమానం దిగింది. దిగిన వెంటనే అందరికీ తల మీద, బట్టల లోపల డీడీటీ పొడి కొట్టారు. హైఫా దగ్గరి శిబిరంలో వచ్చినవాళ్ళందరికీ అలాగే కొట్టేవాళ్ళు. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళకు వేసుకునే సూటు వేసుకుని దిగాడట. ఆ పొడి ఆ నల్లకోటు మీద పడ్డప్పుడు ఆయన మొహం ఎలా ఉందో సావ్తా డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా అక్కకు చెప్పి చూపించేది.

తర్వాత మాబరా. 1950లో, తర్వాత ప్రధాని అయిన లెవీ ఎష్కోల్ ఆలోచనతో మొదలైన తాత్కాలిక శిబిరాలకు అదీ పేరు. గుడ్డ డేరాలు, రేకు గుడిసెలు, ఎన్నో ఇళ్ళకు కలిపి ఒక కొళాయి. 1951 ఆఖరుకు ఇలాంటిచోట్ల 2 లక్షలకు పైగా జనం ఉన్నారు. చలికాలం వానలకు డేరాలు కూలి, బురదలోంచి పిల్లల్ని ఎత్తుకెళ్ళడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

తిండి రేషను. 1949లో మొదలైన ఆ పొదుపు కాలాన్ని 'త్సెనా' అంటారు. డోవ్ యోసెఫ్ అనే మంత్రి చేతిలో నడిచింది. ప్రతి మనిషికీ కూపన్ల పుస్తకం. నూనె, చక్కెర, మాంసం అన్నీ దాని మీదే. గుడ్లకు బదులు గుడ్లపొడి, మాంసానికి బదులు గడ్డకట్టిన చేప. పల్లె నుంచి గుడ్లో కోడో తెస్తున్నారేమోనని తనిఖీవాళ్ళు బస్సులాపి సంచులు వెతికేవాళ్ళు. ఇక బియ్యం. తూర్పు నుంచి వచ్చిన యూదులకు అన్నం లేకపోతే పూట గడవదు, దేశంలో బియ్యం లేవు. బెన్ గురియన్ అడిగితే ఓసెమ్ కంపెనీ గోధుమపిండితో బియ్యపు గింజల్లా చేసి కాల్చి అమ్మింది. దాన్ని జనం 'బెన్ గురియన్ బియ్యం' అన్నారు. అన్నం తినేవాడికి గోధుమపిండి గింజ ఎలా ఉంటుందో నేను మీకు చెప్పక్కర్లేదు. సావ్తా వాళ్ళమ్మ మొదటిసారి వండి, గంజి వార్చబోతే అంతా ముద్దయిపోయి, గిన్నె ముందు పెట్టుకుని ఏడ్చిందట.

ఇదంతా అందరికీ ఒకేలా ఉంటే పేదరికమని ఊరుకోవచ్చు. అందరికీ ఒకేలా లేదు. యూరప్ నుంచి వచ్చినవాళ్ళు మాబరాల్లోంచి త్వరగా బయటపడ్డారు. వాళ్ళకు పట్నాల్లో చుట్టాలున్నారు, ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళు వాళ్ళ భాష మాట్లాడేవాళ్ళే. ఇరాక్, మొరాకో, యెమెన్ వాళ్ళు ఏళ్ళ తరబడి ఉండిపోయారు. 1951 నవంబరులో ఇంకో నిబంధన పెట్టారు: ఇకమీద వచ్చేవాళ్ళలో 80 శాతం 15 నుంచి 35 ఏళ్ళ మధ్యవాళ్ళో, చేతిపని తెలిసినవాళ్ళో అయ్యుండాలి. ఆ దెబ్బ ఎక్కువగా మొరాకో వాళ్ళకు తగిలింది. కొడుకు ఓడెక్కుతాడు, తల్లి రేవులో ఉండిపోతుంది. ఓడ దిగినవాళ్ళను ట్రక్కుల్లో ఎక్కించి నేరుగా నెగెవ్‌లో కొత్త ఊళ్ళకు తోలుకెళ్ళారు. 1959 జులైలో హైఫాలోని వాదీ సాలిబ్ పేటలో మొరాకో యూదుడి మీద పోలీసు కాల్పులు జరిగితే పేట పేటంతా వీధుల్లోకొచ్చింది. అప్పటిదాకా అంతా ఒకటే జాతి, ఒకటే కుటుంబం అన్న నాయకులు ఉలిక్కిపడ్డారు.

మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళ కథ నన్ను మరీ కుదిపేసింది. కొంకణ తీరంలో తరతరాలుగా గానుగ ఆడించుకుని బతికిన బెనే ఇజ్రాయెల్ అనే యూదులున్నారు. శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి ఊళ్ళోవాళ్ళు వాళ్ళను 'శనివార్ తేలీ'లు అన్నారు. ఎవరూ వాళ్ళను యూదులని హింసించలేదు. ప్రేమతో వెళ్ళారు. బీర్షెబాలో కాపురం పెట్టినవాళ్ళకు ఎదురైంది ఒంటి రంగు. తెల్ల రొట్టె మాకివ్వరు, నల్లవాళ్ళు నల్ల రొట్టె తినండి అంటున్నారని వాళ్ళు ఫిర్యాదు చేశారు. 1951లో దాదాపు 150 మంది మమ్మల్ని మా దేశం పంపేయండని వలస వచ్చినవాళ్ళ బాగోగులు చూసే యూదు ఏజెన్సీ ముందు కూర్చున్నారు. బొంబాయిలో పెరిగినవాళ్ళకు కూర్చోవడం, అన్నం మానేయడం ఒకరు నేర్పాలా? 1952లో వంద మందికి పైగా వెనక్కొచ్చారు. మిగిలినవాళ్ళకు పదేళ్ళ తర్వాత ఇంకోటి వచ్చిపడింది. వీళ్ళను పెళ్ళి చేసుకునే ముందు తాతముత్తాతల వంశం తవ్వి చూడాలని 1960ల మొదట్లో ప్రధాన రబ్బీల (యూదు మతగురువుల) పీఠం ఆదేశమిచ్చింది. మళ్ళీ జెరూసలేంలో పిల్లాపాపలతో బైఠాయించారు. 1964 ఆగస్టులో పార్లమెంటు వాళ్ళు అన్ని విధాలా యూదులేనని ప్రకటించాక గానీ లేవలేదు.

కొచ్చి యూదుల్ని ఆపింది బోదకాలు భయం. ఆ జబ్బు దేశంలోకి వస్తుందని అక్కడి ఆరోగ్య శాఖ చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి 1950ల మధ్యలో వచ్చి నెవతిమ్ లాంటి చోట్ల ఇసకలో మొక్క నిలబెట్టింది వీళ్ళే. మనవాళ్ళు చెప్పే నందనవనం కథలో ఈ మలయాళపు చేతులు ఎప్పుడైనా కనబడ్డాయా? ఇంకా దగ్గరికి రమ్మంటే, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో మేము ప్రాచీన ఇజ్రాయెలీయుల్లోని ఎఫ్రాయిము గోత్రంవాళ్ళమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. ఈ రోజుకీ వాళ్ళను ఆ రాజ్యం తనవాళ్ళుగా గుర్తించలేదు.

1950 జులైలో చేసిన చట్టం ప్రకారం ప్రపంచంలో ఏ యూదుడైనా వచ్చి పౌరుడు కావొచ్చు. తలుపు తీసే ఉంది. ఆ తలుపు దాటాక కూడా నువ్వు నిజంగా మనవాడివేనా అని అడిగే గుమాస్తా ఒకడు బల్ల వెనక ఉన్నాడు.

వచ్చినవాళ్ళకే ఇలా ఉంటే, అక్కడే పుట్టి అక్కడే ఉన్నవాళ్ళ సంగతి? 1948 యుద్ధంలో దాదాపు 7 లక్షలమంది పాలస్తీనా అరబ్బులు తరిమివేయబడ్డారు, లేదా భయంతో వెళ్ళిపోయారు. తిరిగి రానివ్వలేదు. 400కు పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి. 1950 నాటి చట్టంతో వాళ్ళ ఆస్తి రాజ్యం చేతిలోకి వెళ్ళింది. దేశం దాటకుండా పక్క ఊళ్ళో తలదాచుకున్నవాళ్ళనూ 'లేనివాళ్ళు'గానే లెక్కగట్టి వాళ్ళ పొలాలూ తీసుకున్నారు. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, కాగితం మీద లేడు.

మిగిలిన లక్షన్నర మందికి పౌరసత్వం ఇచ్చారు, ఓటు ఇచ్చారు. 1949 తొలి ఎన్నికల్లోనే ముగ్గురు అరబ్ సభ్యులు గెలిచారు. కానీ ఊరు దాటాలంటే సైనిక గవర్నరు రాసిచ్చిన అనుమతి చీటీ కావాలి. పనికి, సంతకు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా చీటీయే. 1966 దాకా, అంటే 18 ఏళ్ళు. ఇందుకు వాడిన అత్యవసర నిబంధనలు బ్రిటిష్‌వాళ్ళు 1945లో పెట్టినవి. అప్పట్లో అవి అన్యాయమని గొంతెత్తిన యూదు లాయర్ల రాజ్యమే వాటిని దాచుకుని వాడుకుంది. ఈ సైనిక పాలన ఎత్తేయాలని కమ్యూనిస్టులూ అన్నారు, వాళ్ళంటే గిట్టని మితవాద ప్రతిపక్ష నాయకుడు మెనాచెమ్ బెగిన్ కూడా అన్నాడు. ఇది నాకు ఎంతో ముఖ్యమైన విషయం. తప్పని ఆనాడే ఆ దేశంలోనే చెప్పినవాళ్ళున్నారు, కాబట్టి "ఆ కాలం అలాంటిది" అన్న సాకు చెల్లదు.

1956 అక్టోబరు 29న సినాయి యుద్ధం మొదలైన రోజు, సరిహద్దు అరబ్ పల్లెల్లో సాయంత్రం ఐదింటి నుంచే కర్ఫ్యూ అన్నారు. కఫర్ కాసిమ్ గ్రామపెద్దకు ఆ కబురు చెప్పింది నాలుగున్నరకి. పొద్దున్నే పనికి పోయినవాళ్ళకు ఎలా తెలుస్తుందని ఆయన అడిగాడు. సైకిళ్ళ మీద, బండ్ల మీద ఇంటికొస్తున్నవాళ్ళను ఊరి మొదట్లో దింపి కాల్చేశారు. కడుపులో బిడ్డతో కలిపి 49 మంది అని ఆ ఊరి లెక్క. కోర్టు 1958లో గొప్ప తీర్పే ఇచ్చింది: కంటికి కనబడేంత అక్రమమైన ఆజ్ఞ మీద నల్లజెండా ఎగురుతూ ఉంటుంది, దాన్ని పాటించకూడదు. ఆ తీర్పును ఆ దేశపు సైనికులకు ఇప్పటికీ నేర్పుతారు. కానీ శిక్ష పడ్డవాళ్ళంతా 1959 ఆఖరుకు బయటికొచ్చేశారు. కర్ఫ్యూ ఆజ్ఞ ఇచ్చిన పెద్ద అధికారికి పడింది ఒక చిల్లర నాణెం జరిమానా. ఈ రెండూ ఒకే కేసులో ఉన్నాయని గుర్తుపెట్టుకోవాలి. మన సందేశాలు పంపేవాళ్ళు తీర్పు కూడా చెప్పరు, నాణెం కూడా చెప్పరు.

జర్మనీ డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకెళ్తాను. 1952 సెప్టెంబరులో నాజీలు యూదులకు చేసినదానికి పశ్చిమ జర్మనీ 300 కోట్ల మార్కుల పరిహారానికి ఒప్పుకుంది. ఓడలు, ఉక్కు, యంత్రాలు, ఇంధనం రూపంలో వచ్చింది. ఆ ఏడాది జనవరిలోనే ఇజ్రాయెల్ పార్లమెంటు మీద రాళ్ళు పడ్డాయి, చచ్చినవాళ్ళ నెత్తురు అమ్ముకుంటారా అని బెగిన్ జనాన్ని రెచ్చగొట్టాడు, చివరికి జర్మనీతో మాట్లాడాలన్న ప్రతిపాదన 61-50 ఓట్లతో గట్టెక్కింది. ఎడారిలో పరుచుకున్న గొట్టాల వెనక ఆ డబ్బూ ఉంది. "ఒట్టి తెలివితో కట్టారు" అనేవాళ్ళు ఆ ఓటింగు గురించి ఒకసారి చదవాలి.

1966 డిసెంబరు 1న ఎష్కోల్ ప్రభుత్వం సొంత పౌరుల మీద సైనిక పాలన రద్దు చేసింది. పద్దెనిమిదేళ్ళ చీటీల కాలం అయిపోయింది. మరుసటి జూన్‌లో ఆరు రోజుల యుద్ధం. అందులో ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్, గాజా జనం మీద కొత్త సైనిక పాలన, కొత్త చీటీలు. మధ్యలో ఉన్నది ఆరు నెలలు. ఆ దేశ చరిత్రలో నాకు అన్నిటికంటే ఆశగా, అన్నిటికంటే దుఃఖంగా కనిపించేవి ఆ ఆరు నెలలే. అలవాటుపడ్డ చెయ్యి ఖాళీగా ఉండలేకపోయిందని నా నమ్మకం. పాలస్తీనా జనం ఈ రోజు అనుభవిస్తున్నది 1967లో కొత్తగా పుట్టుకొచ్చిందని చాలామంది అనుకుంటారు. గవర్నరూ, చీటీ, 'లేనివాడు' అన్న మాట, అన్నీ అంతకుముందే తయారై ఉన్నాయి.

మా నాన్న పోయాక చేను కౌలుకిచ్చేశాం. అక్క వీసా గడువు అయిపోయి పాలకొల్లు తిరిగొచ్చింది. పోయిన వేసవిలో కలిసినప్పుడు అడిగాను: సావ్తా ఉన్న ఓర్ యెహూదా ఊరు, సాకియా, కఫర్ అనా అనే అరబ్ పల్లెల నేల మీద లేచిందట కదా, ఆవిడకు ఆ సంగతి తెలుసా?

తెలుసంది అక్క. వాళ్ళు మాబరాకు వచ్చిన కొత్తలో అక్కడ కూలిన గోడలు కొన్ని, కంచెలుగా పెంచిన నాగజెముడు, మధ్యలో ఒక అంజూర చెట్టు ఉండేవట. పిల్లలంతా చెట్టెక్కి కాయలు కోసుకుంటుంటే సావ్తా వాళ్ళమ్మ కేకలేసి దింపిందట. "ఎవరో నాటుకున్న చెట్టు. ఇంటావిడ వస్తే ఏం చెప్తారు?" అందట, బాగ్దాద్‌లో తన ఇంటి వాకిట్లో చెట్టును వదిలేసి వచ్చిన మనిషి. ఎవరూ రాలేదు. కొళాయి దగ్గర గంటసేపు వరసలో నిలబడి తెచ్చుకున్న నీళ్ళతో గిన్నెలు కడిగి, ఆ కడుగునీళ్ళు పారబోయకుండా, అక్కడున్నన్ని రోజులూ ఆ చెట్టు మొదట్లో పోసేదట.